మూడు ఊళ్ల ఆఫీసుల్లో ఆటోక్యాడ్ కొత్త వెర్షన్ వేయడం ఎలా?

హైదరాబాద్‌లో హెడ్డాఫీసు, విజయవాడలో ఒక బ్రాంచి, విశాఖపట్నంలో ఇంకొకటి. మొత్తం 43 సిస్టమ్‌లు. అన్నిటిలో డ్రాయింగులు గీసే పాత ఆటోక్యాడ్, కొన్నిటిలో భవనాల 3డీ మోడళ్లు చేసే రెవిట్ కూడా ఉంది. కొత్త వెర్షన్ వేయాలి, డ్రాఫ్టింగ్ పని మాత్రం ఆగకూడదు. ఈ బాధ్యత మీ మీద పడితే ఏది ముందు, ఏది వెనక చేయాలో చెబుతాను.

నేను ఈ పని మొదటిసారి చేసినప్పుడు సెటప్ ఫైళ్లన్నీ హైదరాబాద్ సర్వర్‌లో ఉంచాను. విశాఖ సిస్టమ్‌లు కూడా వీపీఎన్ (ఊళ్ల ఆఫీసులను ఇంటర్నెట్ మీదుగా కలిపే ప్రైవేటు దారి) మీదుగా అక్కడి నుంచే ఇన్‌స్టాల్ చేసుకునేలా పెట్టాను. ఉదయం పదిన్నరకల్లా విశాఖ లైను నిండిపోయింది. వాళ్లు ఆ రోజే ఒక టెండరు అప్‌లోడ్ చేయాలి. ఒకటే ఫోన్లు, ఒకటే టెన్షన్. ఇన్‌స్టాల్ ఆపేయాల్సి వచ్చింది. సగంలో ఆగిన సిస్టమ్‌లను సరిచేయడానికి రెండు రోజులు పట్టింది. అప్పటి నుంచి ఒకటే పద్ధతి పాటిస్తున్నాను. బరువైన ఫైళ్లు ఏ ఊరివి ఆ ఊళ్లోనే ఉండాలి. ఏం ఇన్‌స్టాల్ చేయాలి, ఎలా చేయాలి అన్నది మాత్రం ఒక్కచోటే తేలాలి. కింద చెప్పే అడుగులన్నీ దీని మీద ఆధారపడినవే.

1. ముందు సిస్టమ్‌ల జాబితా

ఎక్సెల్ షీటు తెరిచి ప్రతి సిస్టమ్‌కూ ఒక వరస పెట్టండి. పేరు, ఊరు, విండోస్ వెర్షన్, ర్యామ్, సీ డ్రైవ్‌లో ఖాళీ, వాడే మనిషి, ఇప్పుడున్న డిజైన్ సాఫ్ట్‌వేర్, దాని మీద నడిచే యాడ్-ఇన్లు (అదనపు పనుల కోసం తగిలించే చిన్న ప్రోగ్రామ్‌లు). చివరిదే అన్నిటికన్నా ముఖ్యం.

యాడ్-ఇన్ల గురించి ఎందుకింత చెబుతున్నానంటే, ఆటోక్యాడ్ 2025 నుంచి లోపలి పునాది డాట్‌నెట్ 8కి (ప్రోగ్రామ్‌లు నడవడానికి మైక్రోసాఫ్ట్ ఇచ్చే వేదిక) మారింది. పాత డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ 4.8 మీద రాసిన యాడ్-ఇన్లను తయారీదారు మళ్లీ కంపైల్ చేసి ఇస్తే తప్ప వాటి మీద నమ్మకం పెట్టుకోలేం. మున్సిపల్ ప్లాన్ అనుమతుల డ్రాయింగులు చేసేవాళ్ల దగ్గర ప్రీ-డీసీఆర్ అనే యాడ్-ఇన్ ఉండొచ్చు. అది మీరు వేయబోయే వెర్షన్ మీద నడుస్తుందో లేదో ముందే కనుక్కోండి. నడవకపోతే ఆ రెండు మూడు సిస్టమ్‌లలో పాత వెర్షన్ అలాగే ఉంచండి. ఆటోక్యాడ్ పాతదీ కొత్తదీ ఒకే సిస్టమ్‌లో పక్కపక్కనే ఉండగలవు.

ఫైల్ ఫార్మాట్ సంగతికి వస్తే ఆటోక్యాడ్‌తో ఇబ్బంది లేదు. 2018 వెర్షన్ నుంచి 2025 దాకా దాని డ్రాయింగ్ ఫైళ్ల ఫార్మాట్ (డీడబ్ల్యూజీ) ఒక్కటే. కాబట్టి విజయవాడ ఈ వారం, విశాఖ వచ్చే వారం మారినా ఒకరి డ్రాయింగ్ ఇంకొకరు తెరవగలరు. రెవిట్ అలా కాదు. రెవిట్ 2025లో సేవ్ చేసిన మోడల్ 2024లో తెరుచుకోదు, వెనక్కి మార్చే దారి కూడా లేదు. అందుకే నడుస్తున్న ప్రాజెక్టును పాత రెవిట్‌లోనే పూర్తి చేయించండి. కొత్త ప్రాజెక్టును కొత్త వెర్షన్‌లో మొదలుపెట్టేటప్పుడు, దాని మీద పనిచేసే ఊళ్లన్నిటికీ ఒకే రోజు వెర్షన్ మార్చండి. ఈ మాట ప్రాజెక్టు మేనేజర్లకు మెయిల్‌లో రాసి పంపండి, నోటిమాటతో వదిలేయొద్దు.

2. లైసెన్స్ పని ఇన్‌స్టాల్‌కు ముందే

ఆటోక్యాడ్, రెవిట్ తయారుచేసే ఆటోడెస్క్ సంస్థ సబ్‌స్క్రిప్షన్ ఇప్పుడు మనిషి పేరు మీద ఉంటుంది. ఎవరికి లైసెన్స్ కేటాయిస్తే వాళ్లు తమ ఈమెయిల్‌తో సైన్-ఇన్ అయి వాడుకోవాలి. ఇన్‌స్టాల్ చేసే రోజుకల్లా ప్రతి ఒక్కరి అకౌంట్ సిద్ధంగా ఉందో లేదో, లైసెన్స్ కేటాయింపు అయ్యిందో లేదో చూసుకోండి. నా అనుభవంలో "సాఫ్ట్‌వేర్ పనిచేయట్లేదు" అంటూ వచ్చే ఫోన్లలో సగం నిజానికి సైన్-ఇన్ సమస్యలే. సైట్‌లో ఉండే ఇంజనీర్లకు ఒక మాట ముందే చెప్పండి: 30 రోజుల్లో ఒక్కసారైనా ల్యాప్‌టాప్‌ను ఇంటర్నెట్‌కు కలపాలి, లేకపోతే లైసెన్స్ ఆగిపోతుంది. ఫైర్‌వాల్ గట్టిగా ఉన్న బ్రాంచిలో ఆటోడెస్క్ అడ్రస్‌లకు దారి తెరిపించండి.

మీ ఆఫీసులో ఇంకా లైసెన్స్ సర్వర్ మీద నడిచే ఇతర డిజైన్ సాఫ్ట్‌వేర్ ఉండొచ్చు. అది ఫ్లెక్స్‌ఎల్‌ఎం (లైసెన్స్‌లు పంచే ఒక సాఫ్ట్‌వేర్) రకం సర్వర్ అయితే ఒక చిక్కు తరచుగా ఎదురవుతుంది. ప్రధాన సర్వీసు 27000 నుంచి 27009 మధ్య పోర్టు (నెట్‌వర్క్‌లో సర్వీసు తలుపు నంబరు) మీద వింటుంది. దాంతోపాటు నడిచే తయారీదారు సర్వీసుకు మీరు పోర్టు ఖాయం చేయకపోతే, రీస్టార్ట్ అయిన ప్రతిసారీ ఏదో ఒక కొత్త పోర్టు తీసుకుంటుంది. సర్వర్ ఉన్న ఊళ్లో అంతా బాగానే ఉంటుంది. ఫైర్‌వాల్ దాటి రావాల్సిన బ్రాంచికి మాత్రం నిన్న వచ్చిన లైసెన్స్ ఇవాళ రాదు. లైసెన్స్ ఫైల్‌లో వెండర్ వరస చివర పోర్టు నంబరు రాసి, ఆ రెండు పోర్టులనూ ఫైర్‌వాల్‌లో తెరవండి. వీపీఎన్ నెమ్మదిగా ఉంటే బ్రాంచి సిస్టమ్‌లలో ఫ్లెక్స్‌ఎల్‌ఎం టైమవుట్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ (సర్వర్ జవాబు కోసం ఎంతసేపు ఆగాలో చెప్పే విండోస్ సెట్టింగ్) పెట్టండి. దాని విలువను మైక్రోసెకన్లలో ఇవ్వాలి, 5 సెకన్లకు 50,00,000 అన్నమాట. అందులో కామాలు లేకుండా అంకెలు మాత్రమే రాయండి.

3. లైన్ ఎంత మోస్తుందో లెక్క కట్టండి

ఆటోక్యాడ్, రెవిట్, అప్‌డేట్లు, కంటెంట్ అన్నీ కలిపి ప్యాకేజీ 20 జీబీ అయిందనుకుందాం. విశాఖ లైను 20 ఎంబీపీఎస్. ఆ 20 జీబీని మెగాబిట్లలోకి మారుస్తే 1,60,000. దాన్ని 20తో భాగిస్తే 8,000 సెకన్లు, అంటే రెండు గంటల పదమూడు నిమిషాలు. అది ఒక్క సిస్టమ్‌కు, లైను పూర్తిగా దానికే ఇస్తే. పన్నెండు సిస్టమ్‌లు విడివిడిగా లాక్కుంటే 26 గంటలు దాటుతుంది. అదే 20 జీబీని ఒక్కసారి విశాఖకు చేర్చి, అక్కడి సర్వర్ నుంచి గిగాబిట్ లాన్ (ఆఫీసు లోపలి నెట్‌వర్క్) మీద ఇస్తే ఒక్కో సిస్టమ్‌కు కాపీ నిమిషాల్లో అయిపోతుంది. ఈ లెక్కను మీ మేనేజర్‌కు చూపించండి. బ్రాంచిలో చిన్న సర్వర్ గానీ నాస్ (నెట్‌వర్క్‌కు కలిపే డిస్క్ పెట్టె) గానీ కొనడానికి ఇంతకన్నా మంచి కారణం దొరకదు.

నాస్ పెడితే గెస్ట్‌గా, పాస్‌వర్డ్ లేకుండా తెరిచే షేర్ పెట్టొద్దు. విండోస్ 11లో 24హెచ్2 అప్‌డేట్ పడిన సిస్టమ్‌లు ఎస్‌ఎంబీ సైనింగ్ (షేర్ నుంచి వచ్చే డేటా అసలుదేనని రుజువు చేసే సంతకం) అడుగుతాయి, గెస్ట్ షేర్లను తెరవవు. పాత నాస్ అయితే ముందుగా ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేసి, ఒక సిస్టమ్‌తో పరీక్షించండి.

4. ఎప్పటికీ మారని దారి పేరు

డిప్లాయ్‌మెంట్ (అన్ని సిస్టమ్‌లూ ఒకే షేర్ నుంచి ఇన్‌స్టాల్ చేసుకునే ప్యాకేజీ) తయారుచేసేటప్పుడు మీరు ఇచ్చిన షేర్ దారి దాని బ్యాచ్ ఫైల్‌లో, ఎక్స్‌ఎంఎల్ ఫైల్‌లో రాసి ఉంటుంది. రేపు సర్వర్ మార్చినా, ఫోల్డర్‌ను ఇంకో ఊరికి కాపీ చేసినా ఆ పాత దారినే వెతుక్కుంటుంది. ఫైళ్లు తెరిచి ఒక్కోచోట మార్చుకుంటూ పోవచ్చు, కానీ ఎక్కడో ఒకటి మిగిలిపోతుంది. అది మిగిలిందని తెలిసేది రాత్రి పదకొండింటికి.

యాక్టివ్ డైరెక్టరీ డొమైన్ (సిస్టమ్‌లనూ యూజర్లనూ ఒకచోట నుంచి నడిపే విండోస్ ఏర్పాటు) ఉన్న ఆఫీసుల్లో దీనికి మంచి మార్గం డీఎఫ్ఎస్ నేమ్‌స్పేస్, అంటే చాలా సర్వర్ల ఫోల్డర్లను ఒకే పేరు కింద చూపే విండోస్ సౌకర్యం. సర్వర్ పేరుతో కాకుండా డొమైన్ పేరుతో మొదలయ్యే ఒక దారి పెట్టి, దాని కింద 'క్యాడ్ ఇన్‌స్టాల్' అనే ఫోల్డర్ సృష్టించండి. ఆ ఫోల్డర్‌కు మూడు ఊళ్లలోని మూడు సర్వర్లను టార్గెట్లుగా ఇవ్వండి. విశాఖ సిస్టమ్ ఆ దారి తెరిస్తే విశాఖ సర్వర్‌కు, విజయవాడ సిస్టమ్ తెరిస్తే విజయవాడ సర్వర్‌కు వెళ్తుంది. ఇది సరిగ్గా జరగాలంటే యాక్టివ్ డైరెక్టరీ సైట్స్‌లో ప్రతి ఊరి ఐపీ సబ్‌నెట్‌నూ (ఆ ఊరి సిస్టమ్‌ల నెట్‌వర్క్ అడ్రస్‌ల గుంపు) ఆ ఊరి సైట్‌కు కట్టాలి. చాలా చోట్ల ఇది చేయకుండా వదిలేస్తారు. అప్పుడు విశాఖ సిస్టమ్ హాయిగా హైదరాబాద్ నుంచే ఫైళ్లు లాక్కుంటుంది, ఎవరికీ తెలియదు. ఫోల్డర్ ప్రాపర్టీస్‌లోని డీఎఫ్ఎస్ ట్యాబ్‌లో ఏ సర్వర్ యాక్టివ్‌గా ఉందో కనిపిస్తుంది. ప్రతి బ్రాంచిలో ఒక సిస్టమ్ నుంచి చూసుకోండి.

డొమైన్ లేని చిన్న ఆఫీసులైతే ఇంత అక్కర్లేదు. ప్యాకేజీ మీ ఆటోడెస్క్ అకౌంట్‌లో సేవ్ అయి ఉంటుంది కాబట్టి, ఊరికొక దారి ఇచ్చి ఊరికొక డిప్లాయ్‌మెంట్ తయారుచేయండి.

ఇక్కడే ఒక హెచ్చరిక. డీఎఫ్ఎస్ బాగుంది కదా అని నడుస్తున్న డ్రాయింగులను కూడా దాని రెప్లికేషన్‌లో (సర్వర్ల మధ్య ఫైళ్లను తనంతట తానే కాపీ చేసే ఏర్పాటు) పెట్టొద్దు. అది ఒక ఊళ్లో తెరిచిన ఫైల్‌కు ఇంకో ఊళ్లో తాళం వేయదు. ఇద్దరు ఒకే డ్రాయింగ్ మార్చితే చివర సేవ్ చేసిన వాళ్లదే మిగులుతుంది, మొదటివాళ్ల పని కనిపించకుండా పోతుంది.

5. ప్యాకేజీ తయారీ

ఆటోడెస్క్ అకౌంట్‌లో అడ్మిన్‌గా లాగిన్ అయి కస్టమ్ ఇన్‌స్టాల్ పేజీ తెరవండి. ప్రొడక్ట్, వెర్షన్, భాష ఎంచుకోండి. అప్పటిదాకా వచ్చిన అప్‌డేట్లను కూడా అదే ప్యాకేజీలో కలపండి, తర్వాత మళ్లీ 43 సిస్టమ్‌లు తిరగాల్సిన పని ఉండదు. అవసరం లేని భాగాలు తీసేయండి. ఇన్‌స్టాల్, డిప్లాయ్ అనే రెండు దారుల్లో డిప్లాయ్ ఎంచుకుని, పైన చెప్పిన మారని దారి ఇవ్వండి. డౌన్‌లోడ్ అయ్యే చిన్న ఫైల్‌ను హెడ్డాఫీసులో నడిపితే అసలు ఫైళ్లన్నీ ఆ షేర్‌లోకి దిగుతాయి. పక్కనే ఇన్‌స్టాల్ బ్యాచ్ ఫైల్ ఒకటి ఉంటుంది. నోట్‌ప్యాడ్‌లో తెరిచి దారి సరిగ్గా ఉందో లేదో చూడండి.

షేర్ పర్మిషన్ల దగ్గర చాలామంది ఆగిపోతారు. రాత్రిపూట ఎవరూ లాగిన్ కాకుండా ఇన్‌స్టాల్ నడిచేటప్పుడు ఆ పని చేసేది యూజర్ కాదు, ఆ కంప్యూటర్ అకౌంటే. కాబట్టి షేర్‌కూ ఫోల్డర్‌కూ 'డొమైన్ కంప్యూటర్స్' గ్రూపుకు రీడ్ పర్మిషన్ ఇవ్వాలి. మీరు లాగిన్ అయి నడిపితే పనిచేసి, రాత్రి షెడ్యూల్ చేస్తే పనిచేయకపోతే ముందు చూడాల్సింది ఇదే.

6. బ్రాంచికి ఫైళ్లు చేర్చడం

రాత్రి లైను ఖాళీగా ఉన్నప్పుడు విండోస్‌తో వచ్చే కాపీ కమాండ్ రోబోకాపీతో పంపండి. కమాండ్ చివర స్లాష్‌తో రాసే అక్షరాలే కింద చెప్పే స్విచ్‌లు. జెడ్ స్విచ్ పెడితే లైను తెగినా ఆగిన చోటి నుంచి మళ్లీ మొదలవుతుంది. ఆర్‌హెచ్ స్విచ్‌తో రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా అని వేళలు కట్టొచ్చు. దాంతో పీఎఫ్ కూడా పెడితే ప్రతి ఫైల్‌కూ ముందు ఆ వేళ చూసుకుంటుంది. వేగం తగ్గించాలంటే ఐపీజీ స్విచ్ ఉంది, కానీ అనేక థ్రెడ్లతో కాపీ చేసే ఎంటీ స్విచ్‌తో కలిపి అది పనిచేయదు, రెండిట్లో ఒకటే ఎంచుకోవాలి. ఎంఐఆర్ స్విచ్ వాడేటప్పుడు చాలా జాగ్రత్త. గమ్యం ఫోల్డర్‌లో మూలంలో లేనివన్నీ అది తుడిచేస్తుంది. ముందు ఎల్ స్విచ్‌తో నడిపితే ఏం చేయబోతోందో జాబితా మాత్రం చూపిస్తుంది. అది చదివాకే అసలు కాపీ మొదలుపెట్టండి.

లైను మరీ బలహీనంగా ఉంటే పోర్టబుల్ ఎస్ఎస్‌డీలో వేసి ఆర్టీసీ కార్గోలో పంపడం మేలు. రెండు రాత్రులు కాపీ నడుస్తుందా ఆగిపోతుందా అని చూస్తూ కూర్చోవడం కన్నా ఇది నయం. డిస్క్ చేరాక అక్కడి సర్వర్‌లో వేయించి, ఎల్ స్విచ్‌తో రోబోకాపీ నడిపి తేడాలు లేవని నిర్ధారించుకోండి.

7. ఒక్కో ఊళ్లో ఒక్క సిస్టమ్‌తో మొదలు

ముందుగా పరీక్షించే పైలట్ సిస్టమ్‌ను హెడ్డాఫీసు ఐటీ గదిలోంచి ఎంచుకోవద్దు. ప్రతి బ్రాంచిలో ఒక సీనియర్ డ్రాఫ్ట్స్‌మన్ సిస్టమ్ తీసుకోండి. ఆయన రోజూ వాడే బరువైన ప్రాజెక్టు తెరవమనండి. ఎక్స్‌రెఫ్‌లు (డ్రాయింగ్‌లోకి లింకు చేసిన ఇతర డ్రాయింగులు) దొరుకుతున్నాయా, అక్షరాల స్థానంలో ప్రశ్నార్థకాలు వస్తున్నాయా, ఆఫీసు సీటీబీతో (ప్లాట్‌లో ఏ రంగుకు ఎంత మందమో చెప్పే ఫైల్) ఏ1 షీటు ప్లాట్ చేస్తే లైన్ మందాలు మునుపటిలా ఉన్నాయా చూడమనండి. డ్రాయింగుల్లో తెలుగు శీర్షికలకు అను ఫాంట్లు వాడే ఆఫీసైతే అవి ఆ సిస్టమ్‌లో ఉన్నాయో లేదో చూడాలి, లేకపోతే తెలుగు బదులు ఇంగ్లీషు అక్షరాల ముద్ద కనిపిస్తుంది. ఎస్‌హెచ్‌ఎక్స్ ఫాంట్లను (ఆటోక్యాడ్ సొంత రకం ఫాంట్లు) ఆటోక్యాడ్ సపోర్ట్ ఫోల్డర్ నుంచి చదువుకుంటుంది, ట్రూటైప్ ఫాంట్లను మాత్రం విండోస్‌లోనే ఇన్‌స్టాల్ చేయాలి.

మూడు పూర్తి పనిదినాలు ఇవ్వండి. ఆయన "సరే" అన్నాకే మిగతావాటి జోలికి వెళ్లండి.

8. మిగతా సిస్టమ్‌లకు రాత్రిపూట

ఇంట్యూన్, ఎస్‌సీసీఎం లాంటి, చాలా సిస్టమ్‌లకు ఒకేచోట నుంచి సాఫ్ట్‌వేర్ పంపే మైక్రోసాఫ్ట్ సాధనాలు ఉంటే వాటితో పంపండి. అవేవీ లేకపోయినా డొమైన్ ఉన్న ఆఫీసుల్లో గ్రూప్ పాలసీ (డొమైన్‌లోని సిస్టమ్‌లన్నిటికీ సెట్టింగులు పంపే సౌకర్యం) చాలు. అయితే స్టార్టప్ స్క్రిప్టులో నేరుగా బ్యాచ్ ఫైల్ పెట్టొద్దు. గ్రూప్ పాలసీ స్క్రిప్టులకు మామూలుగా 600 సెకన్ల గడువు ఉంటుంది. పది నిమిషాల్లో ఆటోక్యాడ్ ఇన్‌స్టాల్ పూర్తి కాకపోతే మధ్యలోనే తెగిపోతుంది. దానికి బదులు గ్రూప్ పాలసీ ప్రిఫరెన్సెస్ ద్వారా ఒక షెడ్యూల్డ్ టాస్క్ పంపండి. సిస్టమ్ అకౌంట్ మీద, రాత్రి పదింటికి. స్క్రిప్టు మొదట్లోనే కొత్త వెర్షన్ ఇప్పటికే ఉందేమో చూసే వరస ఒకటి రాయండి, ఉంటే వెంటనే బయటికి వచ్చేయాలి.

ఒక రాత్రి ఒక ఊరే, అందులోనూ నాలుగేసి సిస్టమ్‌లు, మధ్యలో గంట తేడాతో. ఆ సాయంత్రం అందరినీ ఫైళ్లు సేవ్ చేసి లాగ్-ఆఫ్ అవ్వమనండి, షట్‌డౌన్ చేయొద్దని వాట్సాప్ గ్రూపులో రెండుసార్లు గుర్తుచేయండి. పవర్ సెట్టింగుల్లో స్లీప్ ఆపండి. వేసవిలో కరెంటు పోయే ఊరైతే యూపీఎస్ ఎంతసేపు నిలుస్తుందో కనుక్కుని, దానికి తగ్గట్టు సిస్టమ్‌ల సంఖ్య తగ్గించండి.

9. ఆఫీసు స్టాండర్డ్స్

టెంప్లేట్లు, సీటీబీలు, ఫాంట్లు, బ్లాకులు, లిస్ప్ ఫైళ్లు (ఆటోక్యాడ్‌లో నడిచే చిన్న ప్రోగ్రామ్‌లు) అన్ని ఊళ్లలో ఒకేలా ఉండాలి. కానీ ఆటోక్యాడ్ సపోర్ట్ దారిని నేరుగా నెట్‌వర్క్ ఫోల్డర్‌కు పెట్టడం నాకు ఇష్టం లేదు. లైను ఒక్క క్షణం తడబడినా ఆటోక్యాడ్ బిగుసుకుపోతుంది, ల్యాప్‌టాప్ ఇంటికి తీసుకెళ్తే స్టాండర్డ్స్ ఏవీ దొరకవు. అందుకని వీటి అసలు కాపీని సర్వర్‌లో ఉంచి, సిస్టమ్ ఆన్ అయినప్పుడల్లా సీ డ్రైవ్‌లోని ఒక ఫోల్డర్‌లోకి రోబోకాపీతో దింపించండి. ఇది చిన్న కాపీ, స్టార్టప్ స్క్రిప్టు గడువు చాలు. ప్రొఫైల్‌లో దారులన్నీ ఆ సీ డ్రైవ్ ఫోల్డర్‌కే ఇవ్వండి. పీసీ3 ఫైళ్లు (ప్లాటర్ సెట్టింగుల ఫైళ్లు) మాత్రం ఊరికొక ఫోల్డర్, ఎందుకంటే ప్లాటర్లు ఏ ఊరివి ఆ ఊరివే.

సీ డ్రైవ్‌లోని ఆ స్టాండర్డ్స్ ఫోల్డర్‌ను ట్రస్టెడ్ లొకేషన్స్‌లో (ఆటోక్యాడ్ నమ్మే ఫోల్డర్ల జాబితా) చేర్చండి. యూజర్లకు అక్కడ రీడ్ మాత్రమే ఇవ్వండి, రైట్ వద్దు. హెచ్చరిక పెట్టెలు విసిగిస్తున్నాయని కొందరు సెక్యూర్‌లోడ్‌ను (ఆ జాబితాలో లేని చోటి ప్రోగ్రామ్‌లను అడ్డుకునే సెట్టింగ్) సున్నా చేసేస్తారు, దయచేసి ఆ పని చేయకండి. 2012లో యాంటీవైరస్ తయారుచేసే ఈసెట్ సంస్థ మెడ్రే అనే వార్మ్‌ను (తనంతట తానే పాకే వైరస్ లాంటిది) బయటపెట్టింది. ఆటోలిస్ప్‌లో రాసిన ఆ వార్మ్ ఎక్కువగా పెరూలో పాకి, డ్రాయింగులను చైనాలోని మెయిల్ అకౌంట్లకు పంపేసింది. బయటి నుంచి జిప్‌లో వచ్చిన ప్రాజెక్టు ఫోల్డర్‌లో ఒక లిస్ప్ ఫైల్ నక్కి ఉంటే చాలు. మన డ్రాఫ్ట్స్‌మెన్ నెలల తరబడి గీసిన పనిని కాపాడుతున్న తలుపు ఆ సెట్టింగే.

10. తెల్లారి చూడాల్సినవి

స్క్రిప్టు ప్రతి సిస్టమ్ ఫలితాన్నీ షేర్‌లోని ఒక లాగ్ ఫోల్డర్‌లో రాసేలా పెట్టండి. అందుకు ఆ ఒక్క ఫోల్డర్‌కు మాత్రం డొమైన్ కంప్యూటర్స్‌కు రైట్ పర్మిషన్ కావాలి. ఇన్‌స్టాలర్ చివర ఇచ్చే కోడ్ 0 అయితే అయిపోయినట్టే. 3010 వస్తే ఇన్‌స్టాల్ అయింది, రీస్టార్ట్ మిగిలింది. 1618 అంటే ఆ సమయంలో ఇంకో ఇన్‌స్టాల్ నడుస్తోంది, చాలాసార్లు విండోస్ అప్‌డేట్, మర్నాడు రాత్రి మళ్లీ నడిపితే సరిపోతుంది. 1603 వస్తే మాత్రం కూర్చుని లాగ్ చదవాలి. డిస్క్‌లో ఖాళీ లేకపోవడం, యాంటీవైరస్ అడ్డుపడడం, పాత వెర్షన్ తాలూకు సగం తీసేసిన ముక్కలు మిగలడం ఎక్కువగా కనిపించే కారణాలు.

మర్నాడు ఉదయం తొమ్మిదింటికి ఆ బ్రాంచికి ఫోన్ చేసి ఒక్కొక్కరి చేత సైన్-ఇన్ చేయించండి, ఒక షీటు ప్లాట్ చేయించండి. అయినవాటిని మొదట రాసిన ఎక్సెల్ షీటులో టిక్ పెట్టుకుంటూ రండి. పాత వెర్షన్‌ను వెంటనే తీయొద్దు, మూడు వారాలు ఉంచండి. ఆ మూడు వారాల్లో ఎవరైనా పాతది ఎందుకు తెరిచారో అడిగి రాసుకోండి. ఆ కారణాలన్నీ తీరాక, అదే షెడ్యూల్డ్ టాస్క్ పద్ధతిలో ఊరికొక రాత్రి చొప్పున పాత వెర్షన్ తీసేయండి. ప్రీ-డీసీఆర్ కోసం ఉంచిన సిస్టమ్‌లను ముందుగా ఆ టాస్క్ జాబితాలోంచి తప్పించడం మరిచిపోవద్దు.